చదివే తీరు: విద్యార్థులు, తల్లిదండ్రులు, ఉద్యోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం నా పని. క్లాసు అయ్యాక బల్ల దగ్గరికి వచ్చే పిల్లలు, పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చే తల్లిదండ్రులు, ఉద్యోగాల్లో కుదురుకుని అప్పుడప్పుడూ ఫోన్ చేసే పాత విద్యార్థులు తిప్పితిప్పి ఇవే అడుగుతుంటారు. ప్రతిసారీ చెప్పిందే చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. వరుసగా చదవక్కర్లేదు. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్ళండి.

## మొదట తేల్చుకోవాల్సినవి

లెర్నింగ్ స్టైల్ అంటే అసలు ఏంటి సార్?

ఒక్కొక్కరికి ఒక్కో దారిలో చదువు ఎక్కుతుందని, ఆ దారి కనిపెట్టి అలాగే చెబితే మార్కులు పెరుగుతాయని ఒక నమ్మకం. ఎక్కువగా వినబడేది వార్క్ పద్ధతి. న్యూజిలాండ్‌లో స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన నీల్ ఫ్లెమింగ్ దీన్ని తయారుచేశాడు. కొలీన్ మిల్స్‌తో కలిసి 1992లో ప్రచురించాడు. చూసి నేర్చుకునేవాళ్ళు, విని నేర్చుకునేవాళ్ళు, చదివీ రాసీ నేర్చుకునేవాళ్ళు, చేతులతో చేసి నేర్చుకునేవాళ్ళు అని ఇందులో నాలుగు రకాలు. డేవిడ్ కోల్బ్ 1984లో మరో రకంగా చెప్పాడు. ఇలాంటి పద్ధతులన్నీ 2004లో బ్రిటన్‌లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం పోగుచేస్తే 71 తేలాయి. మనుషుల్ని విడదీయడానికి డెబ్బై ఒక్క రకాల గీతలు గీశారంటే, ఆ గీతలు నిజంగా మనుషుల్లో ఉన్నాయా, గీసినవాళ్ళ చేతిలోనే ఉన్నాయా అని అనుమానం రావాలి కదా.

ఆన్‌లైన్ టెస్ట్ రాస్తే నేను విజువల్ లెర్నర్‌ని అని వచ్చింది. నమ్మొచ్చా?

బొమ్మలు మీకు ఇష్టమన్నంత వరకు నమ్మొచ్చు. బొమ్మలతో చెబితేనే మీకు వస్తుందన్న మాట మాత్రం నమ్మకండి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టారు. విని నేర్చుకునే రకానికి వినిపిస్తే, చూసి నేర్చుకునే రకానికి చూపిస్తే ఎక్కువ లాభం కలిగిందని చూపే గట్టి ఆధారం వాళ్ళకు దొరకలేదు. 2018లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో అనాటమీ విద్యార్థులను కూడా పరిశీలించారు. వార్క్‌లో తమకు వచ్చిన రకానికి తగ్గట్టు చదివినవాళ్ళు, చదవనివాళ్ళ కంటే ఎక్కువ మార్కులేమీ తెచ్చుకోలేదు.

నాలుకకు నచ్చేది వేరు, ఒంటికి పట్టేది వేరు. ఆ టెస్టు చెప్పేది నాలుక సంగతి.

మరి మా టీచర్లంతా ఎందుకు అలా చెబుతారు?

టీచర్లను తప్పుపట్టకండి, శిక్షణ తరగతుల్లో మాకు అలాగే చెప్పారు. 2012లో బ్రిటన్, నెదర్లాండ్స్ టీచర్లను అడిగితే నూటికి 90 మందికి పైగా ఇది నిజమేనన్నారు. పైగా చూడటానికి నిజంలాగే ఉంటుంది. నచ్చిన పద్ధతిలో చదివితే తేలిగ్గా సాగుతుంది. తేలిగ్గా సాగితే వచ్చేసిందనిపిస్తుంది. ఆ అనిపించడమే పెద్ద బురిడీ.

అయితే నా తీరు తెలుసుకోవడం దండగేనా?

దండగ కాదు. తెలుసుకోవాల్సింది వేరే, అంతే. మీరు "చూపు రకమా, వినికిడి రకమా" అన్నది పక్కన పెట్టి ఇవి గమనించండి. పొద్దున ఐదింటికి మీ బుర్ర బాగా పనిచేస్తుందా, రాత్రి పదింటికా? ఒకసారి కూర్చుంటే ఎన్ని నిమిషాల తర్వాత కళ్ళు పేజీ మీద, మనసు బయటా ఉంటుంది? తప్పులు ఎక్కడ పోతున్నాయి, అర్థం కాకనా, మర్చిపోయా, కంగారులోనా? "వచ్చు" అనుకున్నవాటిలో నిజంగా ఎన్ని వచ్చు?

దీనికి టెస్టులు, ఫీజులు అక్కర్లేదు. ఒక చిన్న నోట్‌బుక్ చాలు. రెండు వారాలపాటు రోజూ మూడు ముక్కలు రాయండి: ఏం చదివాను, ఎలా చదివాను, రేపు పరీక్ష పెడితే పదికి ఎంత వస్తుందనుకుంటున్నాను. వారం తర్వాత అదే పాఠం మీద పుస్తకం మూసి పది ప్రశ్నలు రాసి అసలు మార్కు పక్కన వేయండి. అనుకున్నదానికీ వచ్చినదానికీ ఎంత తేడా ఉందో చూస్తే మీ తీరు తెలుస్తుంది. మా క్లాసులో ఇది మొదటిసారి చేయించినప్పుడు ఎనిమిది వస్తాయనుకున్నవాళ్ళలో చాలామందికి నాలుగే వచ్చాయి. వాళ్ళ ముఖాలు ఇంకా గుర్తున్నాయి.

వేలిముద్రలు స్కాన్ చేసి పిల్లాడి బుర్ర ఎలాంటిదో చెబుతామంటున్నారు. చేయించాలా?

వద్దు. వేలిముద్రలు తల్లి కడుపులోనే ఏర్పడిపోతాయి. పిల్లాడు ఇంజనీర్ అవుతాడా, విని నేర్చుకుంటాడా అన్నది వాటిలో రాసి ఉంటుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. రిపోర్టు రంగురంగుల గ్రాఫులతో బాగుంటుంది. ఆ డబ్బుతో పిల్లాడికి నాలుగు మంచి కథల పుస్తకాలు కొనండి.

## బడి పిల్లల విషయంలో

మావాడు ఒకచోట కూర్చోడు, తిరుగుతూనే చదువుతాడు. కూర్చోబెట్టాలా?

తిరగనివ్వండి. తిరగడం వల్ల రాదు అనేది లేదు, తిరగడం వల్లే వస్తుంది అనేదీ లేదు. చూడాల్సింది ఒక్కటే. పావుగంట తిరిగి వచ్చాక పుస్తకం మీరు తీసుకుని "ఏం చదివావురా, చెప్పు" అనండి. చెబితే సరే. నోరు తెరవకపోతే తిరిగింది కాళ్ళే, పాఠం కాదు. లెక్కలకూ చేతిరాతకూ మాత్రం కూర్చోక తప్పదు. ఆ అరగంట కూర్చోవడం మెల్లగా అలవాటు చేయండి.

పాటలు పెట్టుకుని చదువుతానంటుంది. ఒప్పుకోవాలా?

తెలుగు పాట నడుస్తుండగా తెలుగు పాఠం చదివితే మాటలు మాటలకు అడ్డుపడతాయి. రికార్డు బొమ్మలు గీసేటప్పుడు, అట్టలు వేసుకునేటప్పుడు పెట్టుకోనివ్వండి. చదివేటప్పుడు వద్దు.

బట్టీ పట్టడం తప్పా? మా కాలంలో అలాగే చదివాంగా!

బట్టీకి ఈమధ్య చెడ్డపేరు వచ్చింది, సగం అన్యాయంగా. ఎక్కాలు నోటికి రానివాడు ఏడో తరగతి భిన్నాల్లో ఇరుక్కుపోతాడు. ఏడెనిమిదులు ఎంత అని ఆగి ఆలోచించేలోపు అసలు లెక్క చేజారిపోతుంది. ఎక్కాలు, ఫార్ములాలు, మూలకాల గుర్తులు, శతక పద్యాలు నోటికి రావాల్సిందే.

తేడా ఎలా కంఠస్థం చేశామన్న దగ్గర ఉంది. మన పాతవాళ్ళు ఈ విషయంలో మనకంటే తెలివైనవాళ్ళు. వేదపాఠంలో ఘన పాఠం అని ఉంది. మొదటి రెండు పదాలు వరుసగా, మళ్ళీ తిరగేసి, ఆ తర్వాత మూడో పదాన్ని కలిపి ముందుకీ వెనక్కీ చెబుతారు. గుడ్డిగా వల్లించేవాడు అక్కడ తడబడి తీరతాడు. అష్టావధానం చూసినవాళ్ళకు ఇంకా బాగా తెలుస్తుంది. అవధాని ఒక పృచ్ఛకుడికి ఒక పాదం చెప్పి అక్కడితో ఆపేస్తారు. ఇంకొకరి ప్రశ్న, మరొకరి ప్రశ్న, మధ్యలో అప్రస్తుత ప్రసంగం, అన్నీ దాటుకుని మళ్ళీ మొదటివారి దగ్గరికి వచ్చి రెండో పాదం అందుకుంటారు. చివర్లో ధారణ, అంటే పద్యాలన్నీ కాగితం లేకుండా అప్పజెప్పడం. మర్చిపోయేంత ఎడం ఇచ్చి, అంతలోనే మనసులోంచి మళ్ళీ బయటికి లాగడం అన్నమాట. జ్ఞాపకం మీద పరిశోధించేవాళ్ళు ఇప్పుడు చెబుతున్నదీ ఇదే.

మీ పిల్లలు పద్యం అప్పజెప్పాక "మూడో పాదం నుంచి చెప్పు" అనండి. "దీని భావం నీ మాటల్లో చెప్పు" అనండి. రెండూ చెప్పగలిగితే ఆ బట్టీ మంచి బట్టీయే.

మూడో తరగతికి వచ్చినా అక్షరాలు తారుమారు చేస్తోంది. బద్ధకమా, ఇంకేమైనానా?

ఆరేళ్ళ పిల్లలు అక్షరాలు తిరగేసి రాయడం మామూలే. ఎనిమిదేళ్ళు దాటినా ఒత్తులు, గుణింతాలు కలగాపులగం అవుతుంటే, నోటితో చక్కగా చెప్పే బిడ్డ చదవమంటే మాత్రం చెమటలు పట్టిస్తుంటే, దాన్ని బద్ధకం అనకండి, చదువు తీరు అని కూడా సరిపెట్టుకోకండి. డిస్లెక్సియా (చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బంది) కావచ్చు. ముందు కంటిచూపు, వినికిడి చూపించండి. తర్వాత క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర పరీక్ష చేయించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఇదీ ఉంది. సర్టిఫికెట్ ఉంటే, కేంద్ర మార్గదర్శకాల ప్రకారం రాత పరీక్షలో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలి. సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లకు మచ్చ పడుతుందని దాచే తల్లిదండ్రులను చూశాను. దాచడం వల్ల ఆ పిల్లకు పడేది "మొద్దు" అనే ముద్ర. దానికంటే ఇది నయం కాదా?

తెలుగు మీడియం నుంచి ఇంగ్లీష్ మీడియంకి మారాడు. తెలివైనవాడే, ఇప్పుడు వెనకబడ్డాడు. ఎలా?

అర్థం చేసుకునే శక్తి ఎక్కడికీ పోలేదు, పేర్లు మారాయంతే. కసాగు ఎల్‌సీఎం అయింది, గసాభా హెచ్‌సీఎఫ్ అయింది, జడత్వం ఇనర్షియా అయింది, ద్రవ్యవేగం మొమెంటమ్ అయింది. ఒక నోట్‌బుక్‌లో పేజీ మధ్యన గీత కొట్టి ఎడమవైపు పాత పేరు, కుడివైపు కొత్త పేరు రాయించండి. రోజుకు పది చాలు. పాఠాన్ని మొదట తెలుగులోనే ఇంట్లో ఎవరికైనా చెప్పమనండి, ఆ తర్వాత అదే విషయాన్ని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయమనండి. తెలుగులో ఆలోచిస్తున్నాడని తిట్టొద్దు. ఆలోచన ఏ భాషలో సాగినా అది ఆలోచనే.

## ఇంటర్, ఎంట్రన్స్ పరీక్షలు

మూడుసార్లు చదివాను సార్, పరీక్ష హాల్లో ఒక్క ముక్క గుర్తురాలేదు. నా మెమరీయే వీకా?

వీక్ కాదు. మీరు మూడుసార్లు లోపలికి పంపారు, ఒక్కసారీ బయటికి తీయలేదు. పరీక్షలో అడిగేది బయటికి తీయమనే.

ఇది బాగా తేలిన విషయం. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. ఒక గుంపు రెండుసార్లు చదివింది. ఇంకో గుంపు ఒకసారి చదివి, కాగితం మూసి, గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచేయి, 81 శాతానికి 75. వారం ఆగి అడిగితే కథ తిరగబడింది. చదివి రాసినవాళ్ళకు 56 శాతం గుర్తుంటే, రెండుసార్లు చదివినవాళ్ళకు 42 శాతమే గుర్తుంది. పరీక్ష ఐదు నిమిషాల్లో ఉంటే మళ్ళీ చదువుకోండి. మార్చిలో ఉంటే మూసి రాయండి.

నేను డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ పేపర్‌ని నాలుగుసార్లు చదివి తప్పాను. ఎందుకు తప్పానో తెలియడానికి పదేళ్ళు పట్టింది.

చేయాల్సింది ఇది: రెండు పేజీలు చదవండి. పుస్తకం మూయండి. తెల్లకాగితం మీద గుర్తున్నదంతా, వంకరటింకరగా అయినా సరే, రాయండి. తెరిచి, వదిలేసినవి ఎర్రపెన్నుతో కలపండి. రేపు ఆ ఎర్ర ముక్కలే చూసుకుంటే సరి. మొదట్లో చిరాకుగా ఉంటుంది, ఏమీ రావట్లేదని టెన్షన్ వస్తుంది. అలా పెనుగులాడితేనే గుర్తుండేది.

హైలైటర్‌తో గీస్తేనే నాకు గుర్తుంటుంది. మానేయాలా?

గీసుకోండి, కానీ దాన్ని చదువు కింద లెక్కవేయకండి. 2013లో జాన్ డన్‌లోస్కీ బృందం పది రకాల చదువు పద్ధతులను తూచింది. గీతలు గీయడం, చదివిందే చదవడం తక్కువ ఫలితమిచ్చేవాటిలో పడ్డాయి. తమకు తామే పరీక్ష పెట్టుకోవడం, ఎడం ఇచ్చి చదవడం పైన నిలిచాయి. పేజీ అంతా పసుపు పూస్తే అది పుస్తకమా, పెళ్ళికూతురా?

రోజుకు ఎన్ని గంటలు చదవాలి?

గంటల ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఎడం ప్రశ్నకు ఉంది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే వేగంగా జారిపోతుందని, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుందని చూపాడు. కాబట్టి ఒక చాప్టర్‌కి ఆరు గంటలు ఒకే ఆదివారం పెట్టడం కంటే, ఆదివారం మూడు, మంగళవారం ఒకటి, వచ్చే ఆదివారం ఒకటి, నెలాఖరుకు ఒకటి పెట్టడం లాభం. గంటలు అవే, మిగిలేది ఎక్కువ.

చిట్టీల పద్ధతి కూడా ఉంది. సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చాడు. పాత చెప్పుల డబ్బాలో అట్టముక్కలు పెట్టి మూడు అరలు చేయండి. చిట్టీకి ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు. జవాబు వస్తే తర్వాతి అరకు, రాకపోతే మళ్ళీ మొదటి అరకు. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి చూడాలి. ఆర్గానిక్ కెమిస్ట్రీ రియాక్షన్లకూ బోటనీ పేర్లకూ దీన్ని మించింది నేను చూడలేదు.

వీడియో చూస్తే అంతా అర్థమవుతుంది, లెక్క ముందుంటే చెయ్యి కదలదు. ఎందుకు?

ఈత వచ్చినవాడిని గట్టు మీద కూర్చుని చూస్తే మనకూ వచ్చినట్టే ఉంటుంది. వీడియోలో మాస్టారు ఏ స్టెప్ తర్వాత ఏది వేయాలో తానే నిర్ణయిస్తున్నాడు. పరీక్షలో మీరు చేయాల్సింది ఆ నిర్ణయమే. లెక్క తెర మీదికి రాగానే వీడియో ఆపండి. ఐదు నిమిషాలు మీరే కుస్తీ పట్టండి. తప్పు చేశాక చూస్తే ఎక్కడ మలుపు తప్పారో కనబడుతుంది. ఆ మలుపు ఇక మర్చిపోరు.

ఒక చాప్టర్ పూర్తిగా ముగించి ఇంకోటి పట్టుకోవాలా, కలిపి చేయాలా?

మొదటిసారి నేర్చుకునేటప్పుడు ఒక్కటే పట్టుకోండి. ప్రాక్టీస్‌కి వచ్చేసరికి కలిపేయండి. రొటేషన్ చాప్టర్ వెనకున్న లెక్కలన్నీ రొటేషన్‌వే అని ముందే తెలుసు. పరీక్షలో మాత్రం అది రొటేషనా, ఎనర్జీయా అని పోల్చుకోవడమే సగం పని. 2008లో నేట్ కోర్నెల్, రాబర్ట్ బ్యోర్క్ చేసిన ప్రయోగంలో 12 మంది చిత్రకారుల బొమ్మలు చూపించారు. ఒకరి తర్వాత ఒకరివిగా చూసినప్పటి కంటే, కలిపి చూసినప్పుడే ఏ కొత్త బొమ్మ ఎవరిదో బాగా పోల్చుకోగలిగారు. తమాషా ఏమిటంటే, అయిపోయాక అడిగితే విడివిడిగా చూసిందే మేలని చాలామంది అన్నారు. మన తీరు మనకు తెలుసనుకోవడం ఎంత ప్రమాదమో చూశారా.

మా హాస్టల్‌లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా టైమ్‌టేబుల్ వాళ్ళదే. నా తీరుకు చోటెక్కడ?

బెల్ మీ చేతిలో లేదు, నిజమే. స్టడీ అవర్‌లో ఏం చేస్తారన్నది మాత్రం మీ చేతిలోనే ఉంది. అందరూ పుస్తకం తెరిచి ఊగుతుంటే మీరు మూసి రాయండి. భోజనాల లైన్‌లో నిలబడ్డప్పుడు పొద్దుటి క్లాసులోని మూడు పాయింట్లు గుర్తుచేసుకోండి. నిద్ర మాత్రం కోసుకోకండి. పగలు చదివింది గట్టిపడేది నిద్రలోనే. మేనేజ్‌మెంట్ వాళ్ళు కూడా ఈ సంగతి వింటే బాగుండు.

సిల్లీ మిస్టేక్స్‌తో మార్కులు పోతున్నాయి. ఏం చేయాలి?

"సిల్లీ" అని పేరు పెడితే అక్కడితో ఆ తప్పు మీద విచారణ ముగిసిపోతుంది. వీకెండ్ టెస్ట్‌లో ప్రతి జవాబు పక్కన చిన్న గుర్తు పెట్టండి: ఖాయం, అనుమానం, గుడ్డిగా. ఫలితం వచ్చాక మూడు కుప్పలూ లెక్కపెట్టండి. నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. "అనుమానం" కుప్పలో ఐదింట ఒకటి కంటే ఎక్కువ సరైతే పెట్టడమే లాభం, తక్కువైతే నష్టం. ఎప్‌సెట్‌లో కోతే లేదు కాబట్టి 160 ప్రశ్నల్లో ఒక్కటీ ఖాళీగా వదలొద్దు. అసలు చూడాల్సింది "ఖాయం" కుప్ప. అందులో తప్పులుంటే అవి సిల్లీ కాదు, విషయమే తప్పుగా నేర్చుకున్నారు.

## డిగ్రీ, బీటెక్, ఉద్యోగ వేట

మిడ్‌కి ముందు రాత్రి చదివి పాసైపోతున్నా. ఇంకెందుకు కష్టపడాలి?

పాసవడానికి అక్కర్లేదు. ఫైనలియర్ ప్లేస్‌మెంట్స్‌లో రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్ అడిగినప్పుడు, ఆ రాత్రి చదువు ఎప్పుడో ఆవిరైపోయి ఉంటుంది. మొత్తం సబ్జెక్ట్ మళ్ళీ డబ్బు కట్టి కోచింగ్‌లో నేర్చుకునేవాళ్ళతో అమీర్‌పేట నిండి ఉంది. వారానికి ఒక్క గంట, పాత యూనిట్ మీద ఐదు ప్రశ్నలు రాసుకుంటే ఆ ఫీజు మిగులుతుంది.

గ్రూప్స్‌కి చదువుతున్నా. కలిసి చదివితే మంచిదా, ఒంటరిగానా?

నేర్చుకోవడం ఒంటరిగా, పరీక్షించుకోవడం నలుగురితో. రీడింగ్ రూమ్ బయట టీ కొట్టు దగ్గర గంటసేపు నోటిఫికేషన్ పుకార్లు మాట్లాడటం గ్రూప్ స్టడీ కాదు. నలుగురూ ఒకే చాప్టర్ చదివి, ఒక్కొక్కరు పది బిట్లు తయారుచేసి తెచ్చి మార్చుకోండి. ప్రశ్న తయారుచేయాలంటే పాఠం లోపలికి దిగాల్సి వస్తుంది. మెయిన్స్ వ్యాసాలకైతే మీ జవాబు మీరు చదువుకోకండి, పక్కవాడితో చదివించి వినండి. ఎక్కడ తడబడితే అక్కడ మీ వాక్యం బాగోలేదని అర్థం.

ఇంటర్వ్యూలో "కొత్త విషయం ఎలా నేర్చుకుంటారు?" అన్నారు. "నేను విజువల్ లెర్నర్" అన్నాను. సరైందేనా?

ఆ జవాబుతో వాళ్ళకు మీ గురించి ఏమీ తెలియదు. జరిగింది చెప్పండి. "ప్రాజెక్ట్ కోసం ఎస్‌క్యూఎల్ అవసరమైంది. మొదటి మూడు రోజులు వీడియోలు చూశాను, రాయబోతే రాలేదు. అప్పుడు మా కాలేజీ లైబ్రరీ జాబితాతో చిన్న డేటాబేస్ కట్టుకుని రోజుకు ఐదు క్వెరీలు రాశాను. జాయిన్స్ దగ్గర ఇరుక్కుంటే సీనియర్‌ని అడిగాను." ఎక్కడ ఆగారో, ఎలా గుర్తించారో, ఏం మార్చారో ఇందులో ఉంది. ఉద్యోగం ఇచ్చేవాళ్ళకు కావాల్సింది అదే. పై ఉదాహరణను మాత్రం కంఠస్థం చేయకండి, మీది మీరు చెప్పండి.

ఏ చదువు తీరు వాళ్ళకు ఏ ఉద్యోగం సరిపోతుంది?

అలాంటి పట్టిక ఎవరైనా ఇస్తే పక్కన పడేయండి. చేతులతో నేర్చుకునే రకమని డిప్లొమాకి, విని నేర్చుకునే రకమని లా కాలేజీకి పంపడం అన్యాయం. ఉద్యోగం ఎంచుకోవడానికి మీ ఆసక్తి, ఇంటి పరిస్థితి, ఆ పనిలో రోజు ఎలా గడుస్తుందో చూసిన అనుభవం కావాలి. నర్సు కావాలనుకుంటే ఒక రోజు వార్డులో, ఆడిటర్ కావాలనుకుంటే రిటర్నుల సీజన్‌లో ఒక వారం ఆ ఆఫీసులో కూర్చుని చూడండి.

## ఉద్యోగంలో చేరాక

కేటీ (పాతవాళ్ళు కొత్తవాళ్ళకు పని వివరించే) సెషన్లలో తల ఊపుతున్నా, సీట్లోకి వచ్చాక ఏమీ గుర్తుండట్లేదు. అడిగితే ఏమనుకుంటారో!

గంటన్నరలో మూడేళ్ళ ప్రాజెక్ట్ అంతా కుమ్మరిస్తే ఎవరికీ గుర్తుండదు. సెషన్ అయిన అరగంటలోపు మీకు అర్థమైనది ఐదు లైన్లుగా రాసి చెప్పినవాళ్ళకే పంపండి: "నాకు ఇలా అర్థమైంది, తప్పుంటే చెప్పండి." అడగడానికి మొహమాటపడేవాళ్ళకు ఇది మంచి ఉపాయం, ఎందుకంటే మీరు అడగట్లేదు, సరిచూసుకుంటున్నారు. తర్వాతి సెషన్‌లో స్క్రీన్ మీరు షేర్ చేసి, వాళ్ళు చెబుతుంటే మీరే చేయండి. ఆఫీసుల్లోనే కాదు, ల్యాబ్ టెక్నీషియన్ పనిలోనూ బ్యాంకు కౌంటర్‌లోనూ ఇంతే. చూసిన పని కాదు, చేసిన పనే వస్తుంది.

ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే వెంటనే చెప్పేస్తుంది. దాంతో నేర్చుకోవచ్చా?

జవాబు అడిగితే జవాబు వస్తుంది, మీకు చదువు రాదు. పని ఇలా అప్పజెప్పండి: "ఈ టాపిక్ మీద నన్ను ఒక్కో ప్రశ్న అడుగు, నేను చెప్పేదాకా జవాబు చెప్పకు, తప్పైతే చిన్న సూచన మాత్రం ఇవ్వు." అప్పుడది ఓపికున్న ట్యూషన్ మాస్టారు. అది కూడా ధీమాగా తప్పు చెబుతుంది కాబట్టి తేదీలు, ఫార్ములాలు పుస్తకంలో సరిచూసుకోండి.

నాకు 46 ఏళ్ళు, ఎస్జీటీగా (ప్రాథమిక పాఠశాల టీచర్‌గా) చేస్తున్నా. ఇప్పుడు టెట్‌కి (టీచర్ అర్హత పరీక్షకు) చదవమంటే బుర్రకెక్కుతుందా మాస్టారూ?

సర్వీసులో ఉన్న టీచర్లకూ టెట్ వర్తిస్తుందని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పాక ఈ ప్రశ్న అడిగేవాళ్ళు పెరిగారు. పాతికేళ్ళప్పటి వేగం ఉండదు, కొత్త పేర్లు పట్టుకోవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది. కానీ 150 ప్రశ్నల్లో చాలా భాగం మీరు రోజూ చెప్పేదే. తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం మొదటి నుంచి చదవకండి. పాత పేపర్ ఒకటి టైమ్ పెట్టుకుని రాసి, పోయినవి మాత్రమే చదవండి. చాలామందికి చైల్డ్ డెవలప్‌మెంట్ దగ్గర కొత్తగా ఉంటుంది. పిల్లల మనసు ఎదిగే తీరు మీద పరిశోధించిన పియాజె చెప్పిన దశలు, వైగాట్‌స్కీ చెప్పినవి పేర్లుగా కాకుండా మీ క్లాసులో పిల్లలకు అన్వయించుకోండి. పొడవాటి గ్లాసులోకి పోస్తే నీళ్ళు ఎక్కువయ్యాయనే ఒకటో తరగతి బుడతడు ఏ దశలో ఉన్నాడో గుర్తిస్తే ఆ దశ పేరు ఇక పోదు. రాత్రి భోజనాలయ్యాక పది బిట్లు ఇంట్లో పిల్లల చేత అడిగించుకోండి. మీరు తప్పు చెబితే వాళ్ళకు మహా సరదా, రెండోసారి అడగడం అస్సలు మర్చిపోరు.